మంచు మీద బెల్టు

"మూడింటికి గాలింపు ఆపేస్తున్నాం" అన్నాడు పెంబర్టన్. కుడిచేత్తో కప్పు ఎత్తి ఒక గుక్క కాఫీ తాగాడు. ఎడమ చెయ్యి కోటు జేబులోంచి బయటికి రాలేదు. "చీకటి పడ్డాక మనుషుల్ని సరస్సు మీద ఉంచలేను. పోయినవాడు ఎలాగూ పోయాడు."

ఆ మాట పోయినవాడి భార్య ముందే అన్నాడు. వెర్నా బియర్డీ గది మూల కుర్చీలో, మంచు బూట్లు కూడా విప్పకుండా కూర్చుని ఉంది. నిన్నటి నుంచి ఆ కుర్చీ దిగలేదట. ఎవరో తెచ్చిపెట్టిన రొట్టె, టీ పక్కన అలాగే చల్లారిపోయి ఉన్నాయి. అరవై దాటిన మనిషి. కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు. పెంబర్టన్ వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"ఆయన పోలేదు" అంది.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది..."

"నీకేమీ అర్థం కాదు. నువ్వు నోరు మూసుకో. జో, నువ్వు మాట్లాడు."

జో అంటే నేనే. జోసెట్ దెజార్లే. థాంప్సన్‌లో చిన్న ఆఫీసు పెట్టుకుని అపరాధ పరిశోధన చేస్తుంటాను. వెర్నా ఫోన్ చేస్తే ఆ ఉదయమే చిన్న విమానంలో వచ్చి దిగాను. పరిశోధన మొదలుపెట్టక ముందు పదకొండు శీతాకాలాలు, గడ్డకట్టిన సరస్సుల మీదుగా పోయే ఈ మంచు దారుల మీదే లారీ నడిపాను. పెంబర్టన్‌కి నా ఇప్పటి ఉద్యోగం ఒక్కటే తెలుసు. రెండోది చెప్పాలని నాకూ అనిపించలేదు.

జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. నిన్న మధ్యాహ్నం ఐజయా బియర్డీ నడిపే పదిహేడో నంబరు లారీ అడవి దారి దాటి, అవతలి ఒడ్డు నుంచి గడ్డకట్టిన కెటిల్ సరస్సు మీదికి దిగింది. కొంచెం దూరం పోగానే మంచు పగిలి, లారీ నిలువునా మునిగిపోయింది. నీళ్ళు బాగా లోతు. కిందికి దిగి చూసే ఈతగాళ్ళు రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఐజయా ఆ లారీలోనే ఉన్నాడని కంపెనీ నమ్మకం.

మేమున్నది ఇవతలి ఒడ్డున, దుంగల మీద ఎత్తి నిలబెట్టిన రేకుల గదిలో. కంపెనీ దానికి నిఘా కేంద్రమని పేరు పెట్టుకుంది. గోడ నిండా తెరలు. లారీలన్నిటికీ సెన్సార్లు బిగించారు. లారీ ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, ఎంత బరువు మోస్తోంది, క్యాబిన్‌లో చలి ఎంత, డ్రైవరు సీటు బెల్టు పెట్టుకున్నాడా లేదా, అన్నీ అప్పటికప్పుడు ఆ తెరల మీద కనబడతాయి. వాటి ముందు కొరీన్ కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళుంటాయి. నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఈ సెన్సార్లన్నీ పెట్టించినవాడు, డ్రైవర్లకి రూల్సు రాసినవాడు పెంబర్టన్. కంపెనీ భద్రతాధికారి. దక్షిణాన పెద్ద ఊళ్ళో పుట్టి పెరిగి, రెండేళ్ళ కింద ఇక్కడికొచ్చాడు.

"తెర చూడండి, మిస్ దెజార్లే" అన్నాడు. "ఈ సరస్సు మీద గంటకి పదిహేను కిలోమీటర్లు దాటకూడదు. ఐజయా నలభై మీద వెళ్ళాడు. అంత వేగంగా పోతే మంచు కింద నీళ్ళలో అల లేస్తుంది. ఆ అల మంచుని పగలగొడుతుంది. ఈ పాఠం అతనికి నేనే చెప్పాను."

"ఆ పాఠం నువ్వు పుట్టకముందే ఆయన మా పిల్లలకి చెప్పాడు" అంది వెర్నా.

"మరి నలభై ఏళ్ళలో ఒక్క లారీ ముంచనివాడు నిన్న మాత్రం ఎందుకు ముంచాడంటారు?" అన్నాను.

"వయసు కావచ్చు. తొందర కావచ్చు. సెన్సార్లకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు మేడమ్. మనుషులకే ఉంటుంది."

"మీరూ మనుషులే కదా?"

దవడ బిగించాడు. కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు గది అంతా వినబడింది. "మూడింటికి గాలింపు వాళ్ళు వెళ్ళిపోతారు. అంతవరకు మీరు ఎక్కడ కావాలంటే అక్కడ తిరగండి. నా ఉద్యోగుల పనికి మాత్రం అడ్డురాకండి."

నాకు ఒళ్ళు మండింది. కానీ కోపం చూపించే తీరిక లేదు. బయట చలి సున్నాకి ముప్పైనాలుగు డిగ్రీలు కింద ఉంది. ఐజయా నీళ్ళలో ఉంటే ఇక తొందరపడాల్సిందేమీ లేదు. నేల మీద ఎక్కడైనా ప్రాణంతో ఉంటే మాత్రం, ఒక రాత్రి గడిచిపోయింది. రెండో రాత్రి గడవదు. గాలింపు మొత్తం సరస్సు మీదే జరుగుతోంది. అడవిలో ఒక్కడూ వెతకడం లేదు.

వెర్నా నాతోపాటు గుమ్మందాకా వచ్చింది. "మొన్న రాత్రి ఫోన్ చేశాడు" అంది మెల్లగా. "సరస్సులో కూడా సెన్సార్లు పాతారు కదా, మంచు మందం చెప్పేవి. తెర మీద చూపిస్తున్న మందం వేరు, నేను కన్నం వేసి కొలిచిన మందం వేరు వెర్నా, అన్నాడు. అవతలి ఒడ్డు దగ్గర సగమే ఉందంట. రేపు ఆఫీసు వాడితో తేల్చుకుంటా, వాడు దారి మూసేదాకా ఊరుకోను అన్నాడు."

"ఆఫీసు వాడంటే?"

ఆమె వెనక్కి తిరిగింది. మూసి ఉన్న తలుపు వంక చూసింది.

*

వెండెల్ స్పెన్స్, డ్రైవర్ల వంటగదిలో బల్ల దగ్గర, దుప్పి మాంసం కూర గిన్నె ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. నిన్న ఐజయా తర్వాత వచ్చిన లారీ అతనిదే. నాతో రెండు చలికాలాలు పనిచేశాడు. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"చెప్పాల్సిందంతా చెప్పేశా జో అక్కా."

"పెంబర్టన్‌కి చెప్పావు. నాకు చెప్పలేదు."

"ఆయనకి చెప్పిందే నీకూ. మంచు గాలి కొడతా ఉంది. ముందేం కనబడలా. ఐజయా తాత నాకంటే పావుగంట ముందున్నాడు. నేను ఒడ్డుకొచ్చేసరికి మంచులో కన్నం, బుడగలు. అంతే."

"ఒడ్డున ఎవరున్నారు?"

"పెంబర్టన్. రేడియోలో అరుస్తా ఉన్నాడు."

"అంతకుముందు దారిలో?"

"ఎవరూ లేరు. ముప్పై ఒకటో నంబరు లారీ ఉంది కదా, వారం కింద ఇంజను చచ్చిపోయి అడవి దారిలో వదిలేసింది. దాని పక్కన పెంబర్టన్ పికప్ ఆగుంది. లోపల మనిషి లేడు. పొదల్లోకి పోయుంటాడనుకున్నా."

"తాత ఒడ్డున ఆగాడా?"

చెంచా కూరలో తిప్పడం మొదలుపెట్టాడు. "నేనెట్టా చూస్తా? పావుగంట వెనకున్నా అన్నానుగా."

"చక్రాల గుర్తులు చూశావుగా. ఒడ్డు దగ్గర లారీ ఆగితే అక్కడ మంచు కరిగి గట్టిపడుతుంది. నీ కళ్ళు దాన్ని చూడకుండా ఉండవు. ఆగాడా లేదా?"

"నన్ను అడక్కక్కా."

"వెండెల్!"

"అడక్కన్నానా!" గిన్నె పక్కకి తోశాడు. కూర బల్ల మీద ఒలికింది. "ఆగలేదంటే ఎందుకు ఆగాలి అని అడుగుతారు. ఎందుకు ఆగాలో చెప్తే ఇక్కడున్న డ్రైవర్లందరి ఉద్యోగాలూ పోతాయి. నా ఒక్కడిదైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి. ఇరవై రెండు మందికి పెళ్ళాం బిడ్డలున్నారు. తాత ఎట్టాగూ తిరిగిరాడు."

"వస్తే?"

అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పద" అన్నాను. "గాలింపు వాళ్ళ మంచు బండి అడిగి తీసుకో. ఒకసారి అక్కడ చూసొద్దాం."

*

లారీ మునిగిన చోట కన్నం అప్పటికే మళ్ళీ పలచగా గడ్డకట్టి, నల్లగా మెరుస్తోంది. చుట్టూ ఎర్ర జెండాలు. గాలింపు వాళ్ళు ఆ కన్నం చుట్టూనే తొక్కి తొక్కి వదిలారు. నేను దాన్ని చూడలేదు. లారీ వచ్చిన దారి పట్టుకుని, అవతలి ఒడ్డు వైపు వెనక్కి నడిచాను.

దారికి రెండు పక్కలా, దారి శుభ్రం చేసే బండి నెట్టిన మంచు నడుం ఎత్తున గట్టులా పేరుకుని ఉంది. లారీకి ఎడమ పక్క పడే గట్టునే చూస్తూ నడిచాను. ఈ దేశంలో డ్రైవరు తలుపు లారీకి ఎడమ వైపే ఉంటుంది.

కన్నం నుంచి కొంత దూరం వచ్చాక కనబడింది. గట్టు ఒకచోట లోపలికి కుంగి ఉంది. నిలువుగా కాదు, అడ్డంగా. మనిషి ఒంటి పొడుగు. అక్కడి నుంచి గట్టు వెనకగా, ఒడ్డు వైపుకి అడుగులు. అవి గుంటలుగా లేవు, చిన్న చిన్న దిమ్మెల్లా పైకి లేచి ఉన్నాయి. నిన్నంతా గాలి కొట్టింది కదా, చుట్టూ ఉన్న పొడి మంచుని ఎత్తుకుపోయింది. బూటు తొక్కినచోట మాత్రం మంచు గట్టిపడి అలాగే నిలబడింది.

వెండెల్ నోరు తెరిచి చూస్తున్నాడు. "దూకాడు! తాత దూకాడు! బతికే ఉన్నాడక్కా!"

"ఎవడో దూకాడు" అన్నాను. "తాత ఎట్లా నడుస్తాడు?"

అతను మళ్ళీ అడుగుల వంక చూశాడు. ఐజయా కుడికాలు ఈడుస్తాడని ఈ దారి మీద అందరికీ తెలుసు. ఏడేళ్ళ కింద దుంగ పడి విరిగిన కాలు. ఈ అడుగులు మాత్రం బారుగా, సమానంగా, తొందరగా పోయాయి.

వెండెల్ మొహంలో వెలుగు వచ్చినంత వేగంగానూ పోయింది. "మరి తాతేడి?"

"నిన్న ఈ లారీ ఒడ్డు దగ్గర ఆగిందా?" అన్నాను.

ఈసారి తల అడ్డంగా ఊపాడు.

*

మేం తిరిగొచ్చేసరికి గాలింపు వాళ్ళు సామాను సర్దుకుని సిద్ధంగా ఉన్నారు. మా కిందున్న మంచు బండిని కూడా అడిగి తీసుకుని, రెండు బళ్ళలో వరసగా ఊరి దారి పట్టారు. ఆగమని అరిచాను. ఆర్డరు పెంబర్టన్‌దని చేతులూపారు.

తలుపు తోసుకుని నిఘా కేంద్రంలోకి వెళ్ళాను. "వాళ్ళని వెనక్కి పిలవండి. లారీ మునిగినప్పుడు అందులో ఎవరూ లేరు. నడిపినవాడు ముందే దూకేశాడు. అడుగులు చూసొచ్చాం."

పెంబర్టన్ ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు. "అలాగా! అంటే కంపెనీ లారీ ముంచేసి, భయపడి పారిపోయాడన్నమాట. పాపం, నేనేమో చనిపోయాడని జాలిపడ్డాను. అయితే ఇక వెతకాల్సింది గాలింపు వాళ్ళు కాదు, పోలీసులు."

"నీ నాలుక తెగిపోను!" అని లేచింది వెర్నా. ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

"కొరీన్, నిన్నటి పదిహేడో నంబరు రికార్డు పెట్టు. బెల్టు ఒక్కటి చాలు, ఒడ్డు చేరినప్పటి నుంచి."

కొరీన్ పెంబర్టన్ వంక చూసింది. అతను భుజాలెగరేశాడు. తెర మీద పచ్చగీత ఒకటి పరుచుకుంది. బెల్టు పెట్టుకుని ఉంటే పచ్చ, తీస్తే ఎరుపు. గీత అడవి దారి చివర పచ్చ. ఒడ్డు దగ్గర పచ్చ. సరస్సు మీద పచ్చ. వేగం నలభైకి చేరాక, ఉన్నట్టుండి ఎరుపు. ఆ తర్వాత చివరిదాకా ఎరుపే.

"చూశారుగా?" అన్నాడు పెంబర్టన్. "రూలు ప్రకారం బెల్టు పెట్టుకున్నాడు. దూకేముందు తీశాడు. మీ మాటే నిజం. అభినందనలు."

"ఇప్పుడు ఐజయా అంతకుముందు సరస్సు దాటినప్పటి రికార్డు పెట్టు. ఏ రోజుదైనా సరే."

కొరీన్ పెట్టింది. పచ్చ. పచ్చ. సరిగ్గా ఒడ్డు దగ్గర, కంటిరెప్ప పాటు ఎరుపు, మళ్ళీ పచ్చ. సరస్సంతా పచ్చ. ఇవతలి ఒడ్డు ఎక్కగానే మళ్ళీ చిటికెడు ఎరుపు, పచ్చ.

"ఇంకోటి. వెండెల్‌ది." అదే తంతు. "ఎవరిదైనా." అదే తంతు.

పెంబర్టన్ నవ్వాడు. "దీనికా ఇంత హడావుడి? చలికి వైర్లు వదులవుతాయి. రెండేళ్ళ నుంచీ ఇదే గోల. పైకి రిపోర్టు కూడా పంపాను."

"అన్ని లారీలకీ, సరిగ్గా ఒడ్డు దగ్గరే వదులవుతాయా? ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి?"

నవ్వు ఆగింది.

నేను వెండెల్ వైపు తిరిగాను. అడగడానికి నాకు నోరు రాలేదు. అతను కోటు లోపల చెయ్యి పెట్టి, మెడలోంచి ఒక తాడు తీసి, దానికి కట్టిన ఇనప బిళ్ళని టప్‌మని బల్ల మీద పడేశాడు. సీటు బెల్టు చివర ఉండే బిళ్ళ. బెల్టు లేదు, బిళ్ళ ఒక్కటే.

"ఇది పెట్టుకో సారూ" అన్నాడు. "నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యి. మంచు మీద బెల్టు కట్టుకునేవాడు ఎవడూ లేడిక్కడ. మంచు పగిలితే దూకడానికి ఒక్క ఊపిరి టైముంటుంది. ఆ ఊపిరిలో బెల్టు ఎవడు విప్పుతాడు? నువ్వేమో బెల్టు తీస్తే తెర ఎర్రబడుద్ది, వారం జీతం కోస్తానంటివి. అందుకే ఒడ్డున ఆగి, బెల్టు తీసి, ఈ ఉత్త బిళ్ళ దాంట్లో దిగ్గొట్టి పోతాం. అవతల మళ్ళీ మారుస్తాం. నీ తెర పచ్చగానే ఉంటది. నువ్వు సంతోషంగా ఉంటావు."

"ఐజయా బిళ్ళ తాడుకి పూసలు కుట్టింది నేనే" అంది వెర్నా. "స్నానానికి కూడా తీసేవాడు కాదు."

"కాబట్టి పెంబర్టన్ గారూ" అన్నాను, "నిన్న పదిహేడో నంబరు లారీని సరస్సు మీదికి దింపినవాడు ఒడ్డున ఆగలేదు. బిళ్ళ మార్చలేదు. మంచు మీద నిజం బెల్టు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఈ దారి మీద అలా చేసే డ్రైవరు లేడు. తెరలు చూసి, అందరూ అలాగే చేస్తారని నమ్మినవాడు చేస్తాడు. ఆ కంటిరెప్ప పాటు ఎరుపు వైరు లోపం కాదు. అదొక మనిషి, చేత్తో, కావాలని చేసే పని."

చెప్పానన్న గర్వం నా గొంతులో నాకే వినబడింది. పెంబర్టన్ మొహంలో రక్తం చుక్క లేదు. ఓడిపోయాడనుకున్నాను. అతను నా వంక చూడటం లేదు. గోడ మీద అట్టడుగు వరసలో, ఒక మూల తెర వంక చూస్తున్నాడు.

"మీరు చెప్పినదాంట్లో... ఆలోచించాల్సింది ఉంది" అన్నాడు. గొంతు తేలిగ్గా మారిపోయింది. "గాలింపు మళ్ళీ మొదలుపెట్టాలంటే హెడ్ ఆఫీసు అనుమతి కావాలి. మాట్లాడొస్తాను." కుడిచేత్తో టోపీ తీసుకుని, తలుపు కూడా కుడిచేత్తోనే తెరిచి బయటికెళ్ళాడు.

"పోనీలే, దారికొచ్చాడు" అంది కొరీన్.

"వెండెల్" అన్నాను. ఏదో ముల్లులా గుచ్చుకుంటోంది. "నువ్వు ఒడ్డుకొచ్చేసరికి పెంబర్టన్ అక్కడున్నాడన్నావు. పికప్ ఎక్కడుంది?"

"చెప్పాగా, ముప్పై ఒకటో నంబరు లారీ పక్కన."

"అది ఒడ్డుకి ఎంత దూరం?"

"మూడు కిలోమీటర్లు..." అంటూనే ఆగిపోయాడు. "అక్కా... నేను పావుగంట వెనకున్నా. ఆ పావుగంటలో మూడు కిలోమీటర్లు... ఆ మంచులో... ఎట్టా నడిచాడు?"

"నడవలేదు. పదిహేడో నంబరు లారీలో వచ్చాడు. ఎడమ భుజం మీద పడ్డాడు. అందుకే ఆ చెయ్యి పొద్దుట్నుంచీ జేబులో దాచాడు."

బయట ఇంజను చప్పుడు వినబడింది. వెండెల్ తలుపు దగ్గరికి పరిగెత్తాడు. అప్పటికే పికప్ వెనక దీపాలు చెట్ల సందులో కనబడకుండా పోతున్నాయి.

"ఎక్కడికి పోతున్నాడు?" అంది వెర్నా.

పెంబర్టన్ ఇందాక చూసిన మూల తెర దగ్గరికి పరిగెత్తాను. మిగతావన్నీ వెలుగుతుంటే అదొక్కటే బూడిద రంగులో ఉంది. "కొరీన్, ఇదేంటి?"

"ముప్పై ఒకటో నంబరు. అడవిలో చచ్చిపడున్న లారీ. బ్యాటరీ కూడా పోయింది. సెన్సార్ పెట్టెకి సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి అదొక్కటే ఇంకా పనిచేస్తోంది. నిన్న సాయంత్రం నుంచి ఊరికే కూతలు పెడుతుంటే సారే వచ్చి నోరు నొక్కేశారు. వైరు లోపమట."

"ఏ సెన్సార్?"

కొరీన్ చేతులు మీటల మీదే ఆగిపోయాయి. "బెల్టు" అంది.

"తెరువు!"

బూడిద రంగు పోయి గీత వచ్చింది. ఎరుపు, పచ్చ. ఎరుపు, పచ్చ. ఎరుపు, పచ్చ. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మూడు సార్లు. అడవిలో దారి తప్పినవాడు మూడు సార్లు తుపాకి పేలుస్తాడు, మూడు మంటలు వేస్తాడు. ఇక్కడ పుట్టినవాళ్ళకి అది ఎవరూ నేర్పక్కర్లేదు. నిన్న సాయంత్రం మూడేసి సార్ల మధ్య ఎడం కొన్ని నిమిషాలే ఉంది. ఇవాళ మధ్యాహ్నానికి ఎడం పెరిగిపోయింది. చివరిసారి రెండే. మూడోది రాలేదు.

దాని కింద ఇంకో అంకె కనబడుతోంది. బయట ముప్పైనాలుగు డిగ్రీలు కింద ఉంటే, ఇంజను చచ్చిన ఆ లారీ క్యాబిన్‌లో చలి ఏడు డిగ్రీలే కింద.

"కొవ్వొత్తి" అంది వెర్నా. "ప్రతి లారీలోనూ డబ్బాలో కొవ్వొత్తి పెడతారు. వెలిగించాడు. నా మొగుడు అక్కడున్నాడు. బతికే ఉన్నాడు."

ఐజయా మంచు మందం సంగతి తేల్చుకోవడానికి ఆ లారీ పక్కనే పెంబర్టన్‌ని ఆపి ఉంటాడు. దెబ్బ తిని, మంచు గాలిలో పొదల్లోకి తప్పించుకుని ఉంటాడు. చలికి చస్తాడులే అని పెంబర్టన్ వదిలేసి, ఖాళీ లారీని పలచటి మంచు మీదికి తోలాడు. ఆ తర్వాత ఐజయా పాక్కుంటూ వచ్చి చచ్చిన లారీలో దూరాడు. రేడియో లేదు, నడవడానికి కాలు లేదు. మెడలో బిళ్ళ ఒక్కటి ఉంది. పెంబర్టన్ నిన్నటి నుంచీ దాన్ని వైరు లోపమనే నిజంగా నమ్మాడు. ఇంకో రోజు కూడా నమ్మేవాడు. అది మనిషి చేసే పని అని అతని మొహం మీద చెప్పింది నేను. నా నోటితో నేనే చెప్పాను. నా తెలివి తగలెయ్య!

కొరీన్ ఇంకో తెర చూపించింది. కంపెనీ బళ్ళన్నిటికీ సెన్సార్లున్నాయి, పెంబర్టన్ పికప్‌కి కూడా. చిన్న చుక్క, సరస్సు ఉత్తరపు కొనని చుట్టి అవతలి ఒడ్డుకి పోయే దారిలో, అడవి వైపు జరుగుతోంది. వేగం అరవై. దాని పక్కన బెల్టు గుర్తు పచ్చగా వెలుగుతోంది.

"చుట్టు దారిన వాడికెంత సేపు?" అన్నాను.

"ముప్పావుగంట" అంది కొరీన్. "మంచు బళ్ళు రెండూ వెళ్ళిపోయాయి. రేడియోలో పిలుస్తాను, కానీ వాళ్ళు వెనక్కొచ్చేసరికి..."

"సరస్సు మీంచి సూటిగా పోతే?"

సూటి దారిలోనే ఆ కన్నం ఉంది. దాని చుట్టూ మంచు ఎంతుందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు దారి మూతపడకూడదని దాన్ని తెర మీద మార్చినవాడు. రెండోవాడు ముప్పై ఒకటో నంబరు లారీలో ఉన్నాడు.

"నా లారీకి వెనక పెట్టె తగిలించి లేదు" అన్నాడు వెండెల్. "ఉత్త ముందు భాగమే. తేలిగ్గానే ఉంటది."

"నేను నడుపుతాను."

"నా లారీ అక్కా. నేనే నడుపుతా."

వెర్నా అప్పటికే లేచి దుప్పటి చంకన పెట్టుకుంది. రావద్దని చెప్పాను. నన్ను పక్కకి నెట్టి ముందు నడిచింది.

లారీ ఒడ్డు దగ్గరికి రాగానే వెండెల్ అలవాటు కొద్దీ ఆపాడు. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. బిళ్ళ నిఘా కేంద్రంలో బల్ల మీదే ఉంది.

"పర్లేదు" అన్నాను. "ఎర్రగానే కనబడనీ."

ముగ్గురం బెల్టులు తీసేశాం. రెండు తలుపులూ కొంచెం తెరిచి పట్టుకున్నాం. రేడియోలో కొరీన్ గొంతు వినబడింది: "జో, ముప్పై ఒకటి మళ్ళీ కొట్టింది. ఒక్కసారే."

వెండెల్ గేరు వేశాడు. చక్రాల కింద మంచు మొదటి పగులు చప్పుడు చేసింది.